కొండ మీద ఎండ పొయ్యి

2002లో తిరుమల కొండ మీద ఒక కొత్త పొయ్యి పని మొదలుపెట్టింది. దానికి కట్టెలు అక్కర్లేదు, గ్యాసు అక్కర్లేదు, మంట అసలే లేదు. దర్శనం చేసుకుని వచ్చే భక్తులకు అన్నం వండిపెట్టే వంటశాల మిద్దె మీద 106 అద్దాల డిష్‌లను వరుసలుగా నిలబెట్టారు. ఒక్కో డిష్ విస్తీర్ణం 9 చదరపు మీటర్ల పైమాటే. అవి ఎండను ఒకచోటికి చేర్చి నీటిని ఆవిరి చేసేవి. ఆ ఆవిరి గొట్టాల వెంట వంటశాలలోకి దిగి బియ్యాన్ని, పప్పును, కూరలను ఉడికించేది. రోజుకు 4 వేల కిలోలకు పైగా ఆవిరి, అదీ 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో. సుమారు 15 వేల మందికి రెండు పూటలా వండేందుకు సరిపోయేలా లెక్కగట్టి చేసిన ఏర్పాటు అది. ఏడాదికి లక్షా 18 వేల లీటర్ల డీజిల్ ఆదా అవుతుందని అప్పట్లో అంచనా వేశారు.

సోలార్ అనగానే ఇవాళ అందరి కళ్ల ముందూ మెదిలేది మిద్దె మీది నీలిరంగు ప్యానెల్. అది వెలుతురును నేరుగా కరెంటుగా మారుస్తుంది. తిరుమల మిద్దె మీదివి ఆ జాతివి కావు. వాటికి కరెంటుతో పనిలేదు, కావలసింది వేడి. ప్రపంచంలో మనుషులు వాడుకునే శక్తిలో దాదాపు సగం చివరికి వేడి రూపంలోనే ఖర్చవుతోంది. పరిశ్రమల సంగతి చూస్తే, అవి వాడే శక్తిలో మూడింట రెండు వంతులు వేడి కోసమే. పాలు కాచాలన్నా, బట్టకు రంగు అద్దాలన్నా, మందులు తయారుచేయాలన్నా, కాగితం ఆరబెట్టాలన్నా ముందు బాయిలర్ రాజేయాలి. ఆ బాయిలర్‌లో మండేది ఎక్కువగా బొగ్గు, ఫర్నేస్ ఆయిల్, గ్యాస్. ఆ పనిలో కొంతైనా ఎండకు అప్పగించే సాధనం ఈ అద్దం.

చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చని పిల్లలు అరుదు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఒక చదరపు మీటరు నేల మీద పడే ఎండ సుమారు వెయ్యి వాట్లు, అంటే ఇంట్లో ఇస్త్రీ పెట్టె లాగేంత శక్తి. అయినా ఎండలో పెట్టిన ఇనుప రేకు చెయ్యి చురుక్కుమనేంత కాలుతుంది తప్ప అంతకు మించి వేడెక్కదు. పైన పడిన వేడిని ఒంటి నిండా ఉన్న ఉపరితలం గుండా అది ఎప్పటికప్పుడు గాలికి వదిలేస్తూ ఉంటుంది మరి. కాఫీ చల్లారాలంటే సాసర్‌లో పోస్తాం, వేడిగా నిలవాలంటే గ్లాసులోనే ఉంచుతాం. ఉపరితలం ఎంత పెద్దదైతే వేడి అంత తొందరగా పోతుంది. అద్దాల కిటుకు ఇక్కడే ఉంది. పెద్ద విస్తీర్ణంలో ఎండను పట్టి, చిన్న చోట దించుతాయి. పట్టే చోటు పెద్దది, పోగొట్టుకునే చోటు చిన్నది. అందుకే వేడి వందల డిగ్రీలకు ఎగబాకుతుంది. ఫ్రాన్స్‌లో పిరనీస్ కొండల్లోని ఒదెయో అనే ఊళ్లో ఉన్న సౌర కొలిమిలో ఇలాగే 3,500 డిగ్రీల దాకా వేడి పుట్టిస్తారు. ఇనుము ఆ వేడికి నీళ్లలా కారిపోతుంది.

అయితే అద్దానికి ఒక పట్టుదల ఉంది. సూర్యబింబం నుంచి తిన్నగా వచ్చే కిరణాన్నే అది గురిచూసి పంపగలదు. మబ్బులోనో దుమ్ములోనో చెదిరి నలుదిక్కుల నుంచీ వచ్చే వెలుతురు దాని చేతికి చిక్కదు. ప్యానెల్ మాత్రం మబ్బు రోజున కూడా ఎంతో కొంత కరెంటు ఇస్తుంది. కాబట్టి అద్దాల వ్యవస్థ పెట్టేవాళ్లు ముందుగా చూడాల్సింది నీడను. నేల మీద నీడ అంచు కత్తిరించినట్టు పడుతోందంటే అది అద్దానికి పనికొచ్చే ఎండ. అంచు చెదిరిపోయి మసగ్గా ఉంటే ఆ ఎండ ఒంటికి చెమట పట్టిస్తుంది గానీ బాయిలర్‌ను మరిగించదు.

ఈ ఆలోచనకు మన దేశంలో దాదాపు 150 ఏళ్ల చరిత్ర ఉంది. 1870లలో బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఉండేవాడు. బొగ్గు దూరం నుంచి తెప్పించుకోవాల్సిన ఈ వేడి దేశంలో ఎండ ఊరికే పోతోందని అతనికి అనిపించింది. మామూలు బల్లపరుపు అద్దాలను చట్రంలో బిగించి, బాయిలర్ చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలిపి, అన్నిటి వెలుతురునూ దాని మీదికే తిప్పాడు. ఆ ఆవిరితో రెండున్నర హార్స్‌పవర్ పంపు నడిచింది. ఎండతో మాంసం ఉడికించే పొయ్యిని కూడా చేసి చూపించాడు. ఆ ప్రయోగాలన్నీ 1878లో బొంబాయిలోనే పుస్తకంగా వేశాడు. అదే ఏడాది పారిస్ ప్రదర్శనలో ఫ్రెంచి లెక్కల మాస్టారు ఒగుస్తాఁ ముషో ఎండ వేడితో యంత్రం నడిపి మంచుగడ్డ తయారుచేసి చూపించాడు. 1913లో అమెరికన్ ఇంజినీరు ఫ్రాంక్ షూమన్ ఈజిప్టులో కైరో దగ్గర మాది అనే చోట పొడవాటి దోనెల్లాంటి అద్దాలతో ఆవిరి పుట్టించి నైలు నది నీటిని పొలాలకు ఎత్తిపోశాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ వెనకే చౌక పెట్రోలియం వచ్చింది. అద్దాలు అటకెక్కాయి.

తిరిగి తిరుమల డిష్ దగ్గరికి వద్దాం. దాని రూపకర్త శాస్త్రజ్ఞుడు వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్. అతని డిజైన్‌తో బాగా పనిచేసిన మొదటి డిష్ 1986లో ఉత్తర కెన్యాలో తయారైంది. అప్పటిదాకా డిష్ పొయ్యిలతో ఒక పేచీ ఉండేది. సూర్యుడి వెంట డిష్ తిరిగితే దాని నాభి, అంటే వెలుతురు కూడే బిందువు, అదీ తిరుగుతుంది. వంటపాత్ర కూడా దాని వెంట తిరగాలి. ఎండలో నిలబడి, కళ్లు చెదిరే వెలుతురు పక్కన గరిటె తిప్పడం ఎవరి వల్ల అవుతుంది? షెఫ్లర్ డిష్‌లో అద్దం తిరిగినా నాభి కదలదు. భూమి ఏ ఇరుసు మీద తిరుగుతుందో, సరిగ్గా దానికి సమాంతరంగా డిష్‌కు ఇరుసు పెట్టాడు. నాభి ఆ ఇరుసు గీత మీదే ఉంటుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక డిష్ కూడా గంటకు 15 డిగ్రీల చొప్పున దానికి ఎదురు తిరిగితే చాలు, సూర్యుడు ఎప్పుడూ గురిలోనే ఉంటాడు.

రుతువులతో పాటు సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతాడు కదా, దాని మాటేమిటి? అందుకే ఈ డిష్ చట్రం గట్టి పోత కాదు, కొంచెం వంగుతుంది. రెండు మూడు రోజులకోసారి మనిషి వెళ్లి, వెనక ఉన్న కడ్డీల పొడవు సవరిస్తే డిష్ వంపు ఆ రోజులకు తగ్గట్టు మారుతుంది. గ్రీష్మంలో ఒక వంపు, శీతాకాలంలో ఇంకో వంపు. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఒకే పెద్ద అద్దం కాదని తెలుస్తుంది. చిన్న చిన్న బల్లపరుపు అద్దం ముక్కలను చట్రం మీద పక్కపక్కనే అతికిస్తారు. ఒక్కో ముక్క తన వంతు వెలుతురును ఒకే చోటికి విసురుతుంది. అక్కడ నల్లరంగు వేసిన ఇనుప రిసీవర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు డిష్‌లు, మధ్యలో రిసీవర్లు. ఆ వరుసలో ఒకటి నిలబడ్డట్టు, దాని జత పడుకున్నట్టు కనిపిస్తాయి. పనివాళ్లు కూడా వాటిని నిలుచున్న డిష్, పడుకున్న డిష్ అనే అంటారు. రిసీవర్లకు పైన పొడవాటి గొట్టం సగం దాకా నీటితో నిండి ఉంటుంది. వేడెక్కిన నీరు పైకి, చల్లటి నీరు కిందికి తనంతట తానే తిరుగుతుంది. గొట్టం పై సగంలో ఆవిరి పోగవుతుంది.

వేడి మోసుకెళ్లడానికి ఆవిరినే ఎందుకు ఎంచుకున్నట్టు? కిలో నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 70 కిలో కేలరీలు చాలు. ఆ మరిగిన నీటిని ఆవిరి చేయడానికి మాత్రం మరో 540 కిలో కేలరీలు పట్టాలి. ఆ మూటంతా ఆవిరిలో దాగి ఉంటుంది. గంగాళంలో చల్లటి బియ్యానికి తగలగానే ఆవిరి నీరైపోతూ ఆ వేడినంతా అక్కడే దించేస్తుంది. మబ్బు పట్టిన రోజున పాత డీజిల్ బాయిలర్ అదే గొట్టంలోకి ఆవిరి పంపుతుంది. ఎండ ఉన్నంత మేరకు డీజిల్ మిగులుతుంది, ఎండ లేకపోయినా భక్తుల పంక్తి మాత్రం ఆగదు.

ఈ పద్ధతిని మన దేశంలో పెద్ద వంటశాలకు మొదట అలవాటు చేసింది రాజస్థాన్‌లోని బ్రహ్మకుమారీల ఆశ్రమం. 2009లో షిర్డీ సాయి సంస్థాన్ 73 డిష్‌లు పెట్టింది. అవి ఒక్కోటి 16 చదరపు మీటర్లవి. దేవుడి పేరున జరిగే అన్నదానానికి ఎండ ఇంధనమవడంలో మనసుకు నచ్చే సంగతి ఒకటుంది. అన్నం ఉడికే వేళ, ఎండ కాసే వేళ రెండూ చాలావరకు ఒకటే.

ఇక కరెంటు సంగతి. దానికి అనంతపురం జిల్లా నాగలాపురం వెళ్లాలి. వానలు మొహం చాటేసే ఆ నేల మీద హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ 50 మెగావాట్ల సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రం కట్టింది. 2014లో అది గ్రిడ్‌కు కలిసింది. అక్కడ డిష్‌లు ఉండవు. వెదురు బొంగును నిలువునా చీల్చి వెల్లకిలా పెట్టినట్టుండే పొడవాటి అద్దాల వరుసలు ఉంటాయి. వీటిని ట్రఫ్‌లు అంటారు. పొద్దున తూర్పుకు మొహం పెట్టి, మధ్యాహ్నం ఆకాశం వంక చూసి, సాయంత్రం పడమరకు వాలతాయి. ప్రతి ట్రఫ్ నాభి వెంట ఒక గొట్టం సాగుతుంది. ఈ రకం కేంద్రానికి ప్రాణమంతా ఆ గొట్టంలోనే ఉంది.

లోపల 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు గొట్టం, దాని మీద వెలుతురును తాగేసి వేడిని బయటికి వదలని పూత. దాని చుట్టూ గాజు గొట్టం. రెండింటి మధ్య గాలి తీసేసిన శూన్యం. అచ్చం ఇంట్లో టీ ఫ్లాస్కు లాంటి ఏర్పాటు. ఒక్కో ముక్క 4 మీటర్ల పొడవు. చల్లగా ఉన్న స్థితి నుంచి పని వేడికి చేరేసరికి స్టీలు రెండు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది, గాజు అంతగా సాగదు. అందుకే రెండింటినీ కలిపే చోట అకార్డియన్ మడతల్లాంటి లోహపు బెలోస్ ఉంటుంది. గాజు లోపల ఒకచోట వెండిలా మెరిసే చిన్న మచ్చ కనిపిస్తుంది. అది బేరియం పూత. లోపలికి గాలి చొరబడితే ఆ మచ్చ తెల్లబారిపోతుంది. పనివాడు వరుస వెంట నడుస్తూ ఆ మచ్చను చూసి ఏ గొట్టం పాడైందో చెప్పేయగలడు.

గొట్టంలో పారేది నీరు కాదు, ఒక ప్రత్యేకమైన నూనె. వరుసలోకి 290 డిగ్రీల దగ్గర వెళ్లి, 390 దాటి బయటికి వస్తుంది. ఆ నూనె వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. అక్కడి నుంచి బొగ్గు కేంద్రానికీ దీనికీ తేడా లేదు. కొలిమి ఒక్కటే మారింది. 400 డిగ్రీలు దాటితే నూనె చెడిపోతుంది. 12 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఈ రెండు గీతల మధ్యే దాని బతుకు.

ఇంకా ఎక్కువ వేడి కావాలంటే టవర్ ఉంది. బొంబాయిలో ఆడమ్స్ చేసినదానికి అది ముని మనవడు. వేల అద్దాలు నేల మీద నిలబడి ఒక ఎత్తయిన స్తంభం కొస మీదికి వెలుతురు పంపుతాయి. సూర్యబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పున కనిపిస్తుంది, చేయి చాచితే చిటికెన వేలిలో సగమంత. అందువల్ల కిలోమీటరు దూరంలోని అద్దం పంపిన వెలుతురు టవర్‌ను చేరేసరికి దాదాపు 9 మీటర్ల మేర పరుచుకుంటుంది. అంత దూరాన గురి తప్పకుండా ఒక్కో అద్దాన్నీ విడివిడిగా మోటార్లు తిప్పుతుంటాయి. తెలుగువాళ్లు వేలాదిగా పనిచేస్తున్న దుబాయ్‌లో 2023 డిసెంబరులో ప్రారంభమైన సౌర ఉష్ణ కేంద్రంలో టవర్ ఎత్తు 262 మీటర్లు, చార్మినార్‌కు నాలుగు రెట్లకు పైగా. టవర్, ట్రఫ్‌లు కలిపి అక్కడి సామర్థ్యం 700 మెగావాట్లు.

ఈ కేంద్రాల అసలు బలం రాత్రిపూట తెలుస్తుంది. వేడిని దాచేందుకు వీటిలో వాడేది ఉప్పు. కూరలో వేసుకునేది కాదు, సోడియం నైట్రేట్ 60 పాళ్లు, పొటాషియం నైట్రేట్ 40 పాళ్లు కలిపిన మిశ్రమం. పొటాషియం నైట్రేట్ అంటే పాతకాలం నుంచీ బాణసంచావాళ్లకు తెలిసిన సూరేకారం. మన మిర్చి రైతులు 13-0-45 పేరుతో ఆకుల మీద పిచికారీ చేసేదీ అదే. ఈ మిశ్రమం 220 డిగ్రీలు దాటితే కరిగి నీళ్లలా పారుతుంది, 565 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. స్పెయిన్‌లోని హెమసోలార్ కేంద్రంలో 2011 నుంచి ఇదే పద్ధతి. 2,650 అద్దాలు, 140 మీటర్ల టవర్, 19.9 మెగావాట్లు. పగలంతా ఒక ట్యాంకులోని ఉప్పు టవర్ ఎక్కి వేడెక్కి రెండో ట్యాంకులోకి దిగుతుంది. ఆ నిల్వతో ఎండ లేకుండా 15 గంటలు టర్బైన్ తిరుగుతుంది. రాజస్థాన్‌లోని ఆబూరోడ్‌లో బ్రహ్మకుమారీలు 2017లో పూర్తిచేసిన ఇండియా వన్ కేంద్రం ఉప్పు బదులు పోత ఇనుము వాడింది. 60 చదరపు మీటర్ల డిష్‌లు 770, ఒక్కోదాని నాభి దగ్గర ఒక ఇనుప దిమ్మె. పగలు దిమ్మె కాగుతుంది, రాత్రి దాని గుండా నీరు పంపితే ఆవిరి వస్తుంది.

ఇంత బాగున్నప్పుడు ఊరూరా ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. 2010 డిసెంబరులో జాతీయ సోలార్ మిషన్ కింద 7 ప్రాజెక్టులకు 470 మెగావాట్లు కేటాయించారు. చివరికి నడిచినవి మూడు: రాజస్థాన్‌లో గోదావరి గ్రీన్ ఎనర్జీ వారి 50 మెగావాట్లు, రిలయన్స్ వారి 125, అనంతపురంలో మేఘా వారి 50. సగానికి తక్కువే. టెండర్లు వేసేనాటికి చాలాచోట్ల తిన్నగా పడే ఎండ లెక్క ఉపగ్రహాల అంచనా మీద ఆధారపడింది. నేల మీద కొలిచేసరికి అది తగ్గింది. దేశమంతటా 51 చోట్ల కొలత కేంద్రాలు నెలకొల్పింది ఆ మరుసటి ఏడాదే. కొలిచాక కట్టాల్సింది, కట్టడానికి ఒప్పుకున్నాక కొలిచారు. నీళ్లు ఇంకో చిక్కు. ఆవిరిని తిరిగి నీరు చేయడానికి కూలింగ్ టవర్ వాడే ట్రఫ్ కేంద్రానికి యూనిట్‌కు సుమారు 3 లీటర్లు కావాలి. ఎండ దండిగా ఉండే చోట నీళ్లు దండిగా ఉండవని రాయలసీమకు వేరే చెప్పాలా?

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ధర కొట్టింది. అద్దాల కేంద్రాలు ఆనాడు కోట్ చేసింది యూనిట్‌కు 10 రూపాయల 49 పైసల నుంచి 12 రూపాయల 24 పైసల దాకా. 2017 మే నెలలో రాజస్థాన్ భడ్లాలో ప్యానెళ్ల కరెంటు 2 రూపాయల 44 పైసలకు దిగింది. పగటి కరెంటు పందెంలో అద్దం ఓడిపోయింది. రాత్రి కరెంటు కోసం చైనా, మొరాకో, దుబాయ్ ఉప్పు ట్యాంకులతో ఈ కేంద్రాలు కట్టాయి. ఆ పందెంలోకి ఇప్పుడు బ్యాటరీలు కూడా దిగాయి.

కానీ వేడి పందెం వేరు. ఎండను కరెంటు చేసేటప్పుడు టర్బైన్ దగ్గర సగానికి పైగా వేడి వృథా అవుతుంది. వేడినే వేడిగా వాడుకుంటే ఆ నష్టమే ఉండదు. మహారాష్ట్ర లాతూరులోని మహానంద డెయిరీలో పాలు పాశ్చరైజ్ చేయడానికి 160 చదరపు మీటర్ల డిష్ ఒకటి పెట్టారు. ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ శిరీష్ కేదారే రూపకల్పనలో పాలుపంచుకున్న అరుణ్ డిష్ అది. పాలకు కావలసింది 72 డిగ్రీల వేడి, 15 సెకన్ల పాటు. అంతకోసం వెయ్యి డిగ్రీల మంట రాజేయడం అవసరమా అని ఆ డిష్ అడుగుతుంది. స్పెయిన్‌లో సెవిల్ నగరంలోని హైనెకెన్ బీరు కర్మాగారం 2023లో 30 మెగావాట్ల వేడినిచ్చే ట్రఫ్‌లు పెట్టుకుంది. ఆస్ట్రేలియాలో పోర్ట్ ఆగస్టా దగ్గర సన్‌డ్రాప్ వారి తోటలో 23 వేల అద్దాలు, ఒక టవర్ కలిసి సముద్రపు నీటిని మంచినీరు చేసి టమాటాలు పండిస్తున్నాయి.

హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ద్రావకాలను మరిగించి వేరుచేయడానికి, పొడులు ఆరబెట్టడానికి వాటికి రోజంతా ఆవిరి కావాలి. అందులో చాలా పనులకు 200 డిగ్రీల లోపు వేడి చాలు. తిరుమల మిద్దె మీది డిష్‌లు అందుకున్న వేడి అదే. అన్ని ఫ్యాక్టరీలకూ ఇది కుదరదు. డిష్‌కు చోటు కావాలి, మిద్దె బరువు మోయాలి, చుట్టుపక్కల నీడ పడకూడదు, అద్దాలు కడిగే మనిషి ఉండాలి. దుమ్ము పట్టిన అద్దం వెలుతురును నాభికి పంపదు, దారిలోనే చెదరగొడుతుంది. పెట్టిన రోజున రిబ్బను కత్తిరించి, ఏడాది తిరిగేసరికి మరిచిపోతే ఏ అద్దమూ పనిచేయదు. వాన కురిసే జూలై నుంచి సెప్టెంబరు దాకా పాత బాయిలరే దిక్కు. ఇవన్నీ లెక్కలో వేసుకుని, ఏ పనికి ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు అని ఫ్యాక్టరీవాళ్లు కాగితం మీద రాసుకోగలిగితే, ఎండకు అప్పగించదగిన పనులు కొన్నయినా తేలతాయి. ఆ మేరకు బొగ్గు లారీలు తగ్గుతాయి, చుట్టుపక్కల ఊళ్ల మీద పడే పొగ తగ్గుతుంది.

షెఫ్లర్ డిష్‌లు పెట్టిన వంటశాల మిద్దె మీద పొద్దు వాలాక ఒక చిన్న పని జరుగుతుంది. గడియారం లెక్కన మోటారు కదులుతుంది. పగలంతా పడమరకు తిరుగుతూ వచ్చిన డిష్‌లు, వరుస వెంట సాగిన ఉక్కు తాడు లాగగా, ఒకదాని వెనక ఒకటి కాక అన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి. కింద గంగాళాలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. అద్దాల్లో ఇక ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. చీకటి పడేలోపే అవి తూర్పు దిక్కుకు సర్దుకుని, తెల్లవారి మొదటి ఎండ పడాల్సిన చోట సిద్ధంగా ఉంటాయి.